వేళ్ళు పోయిన ఆర్కిడ్: ఒక ప్రాజెక్టు డైరీ

చేతికొచ్చినప్పుడు

అక్క ఇంటి నుంచి వచ్చిన మొక్క ఇది. రకం ఫెలెనాప్సిస్. ఇళ్ళలో, ఆఫీసు బల్లల మీద ఎక్కువగా కనిపించే ఆర్కిడ్ ఇదే. వెడల్పాటి ఆకులు, పొడవాటి కాడ, కాడ చివర వరసగా విచ్చుకునే పూలు. ఇప్పుడు పూలు లేవు. కాడ కూడా సగం దాకా ఎండి గడ్డి రంగుకు వచ్చింది. ఆకులు అయిదున్నాయి. అన్నిటికంటే అడుగుది పసుపెక్కింది. మిగతావి పచ్చగానే ఉన్నాయి కానీ బిగువు లేదు. పొడవునా ముడతలు తేలి, కుండీ అంచు మీంచి కిందికి వేలాడుతున్నాయి.

"వాడినట్టు కనిపించినప్పుడల్లా నీళ్ళు పోస్తూనే ఉన్నానురా. అయినా వాడిపోతూనే ఉంది. ఇంకది బతకదులే" అంది అక్క.

ఏం జరిగి ఉంటుందో ఆ మాటతోనే అర్థమైంది. నీళ్ళు చాలకపోతే ఫెలెనాప్సిస్ ఆకులు వాడతాయి. నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళినా అచ్చం అలాగే వాడతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు పైకి తోడలేదు కాబట్టి, కుండీ అడుగున నీళ్ళు నిలిచి ఉన్నా ఆకుకు ఏమీ అందదు. పైనుంచి చూసేవాళ్ళకు అది దాహంలాగే కనిపిస్తుంది, ఇంకాసిని పోస్తారు, మిగిలిన ఒకటి రెండు వేళ్ళు కూడా పోతాయి. ఇందులో అక్క తప్పేం లేదు. మొక్క వాడితే నీళ్ళు పోయాలనే కదా చిన్నప్పటి నుంచీ అందరం నేర్చుకున్నది.

ఆకుల సంగతి తర్వాత, ముందు మొవ్వు చూశాను. ఫెలెనాప్సిస్ ఒకే కాండంతో పైకి పెరిగే మొక్క. కొత్త ఆకు వచ్చేది నడిమధ్యలో ఉన్న ఆ మొవ్వు నుంచే. మొవ్వు నల్లబడి, పై ఆకు పట్టుకుంటే చేతిలోకి ఊడి వస్తే పని దాదాపు అయిపోయినట్టే. అదృష్టం బాగుంటే మొదలు దగ్గర ఒక పిలక వేస్తుంది, లేకపోతే లేదు. దీని మొవ్వు గట్టిగా ఉంది. చిన్న ఆకు నిటారుగా నిలబడే ఉంది. కాబట్టి మొదలుపెట్టొచ్చు.

కుండీలోంచి తీసిన రోజు

పైకి కనిపించే పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేదు. లోపల సన్నటి ప్లాస్టిక్ కుండీ ఉంది, రెండింటి మధ్య వేలెడు లోతున నీళ్ళు. మొక్కను మెల్లగా పైకి లాగగానే మురుగు వాసన వచ్చింది.

ప్లాస్టిక్ కుండీ నిండా స్ఫాగ్నమ్ నాచు, గట్టిగా దట్టించి ఉంది. వేళ్ళ మధ్యలోకి వెళ్ళేకొద్దీ ఇంకా బిగువు. నడిమి ఉండ పిండితే నల్లటి నీళ్ళు కారాయి. ఈ ఉండ ఎక్కడిదంటే, మార్కెట్‌కు వచ్చే ఫెలెనాప్సిస్ మొక్కల్లో చాలావరకు టిష్యూ కల్చర్‌లో, అంటే ల్యాబులో చిన్న కణజాల ముక్క నుంచి పుట్టినవి. సీసాల్లోంచి తీసిన పిల్ల మొక్కను గుప్పెడు నాచులోనో, అలాంటి మెత్తటి ముద్దలోనో నాటుతారు. పెద్దదయ్యాక ఆ ముద్దతో సహా పెద్ద కుండీలోకి మారుస్తారు. నర్సరీలో వేడి, వెలుతురు, గాలి అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇంట్లో మాత్రం పైన ఉన్నది ఆరినా ఆ నడిమి ముద్ద ఆరదు. కుళ్ళు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పోగు పోగుగా నాచు విడదీశాను. తర్వాత ఒక్కో వేరునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూశాను. రంగును బట్టి నిర్ణయించకూడదు, ఎందుకంటే నాచు మరక వల్ల గోధుమ రంగుకు మారిన వేరు లోపల గట్టిగానే ఉండొచ్చు. నొక్కితే తెలిసిపోతుంది. బతికున్నది ఎదురు నిలుస్తుంది. పోయినది చదునుగా అణిగి నీళ్ళు కక్కుతుంది. అలాంటి ఒక వేరును రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే, తడిసిన మేజోడు కాలి నుంచి ఊడినట్టు పైపొర మొత్తం జారి వచ్చేసింది. లోపల మిగిలింది దారం లాంటి నడిమి పీచు ఒక్కటే. తర్వాతిది కూడా అంతే. దాని పక్కదీ అంతే.

కోయడం పూర్తయ్యేసరికి మిగిలినవి రెండు వేళ్ళు. ఒకటి మొదటికి దగ్గరగా బొటనవేలంత ముక్క. రెండోది నాచులోకి దిగకుండా గాల్లోకి పెరిగినది, పొడుగ్గా, బూడిద రంగులో, చివర ఎండిపోయి ఉంది. గాల్లో ఉన్నది బతికి నాచులో ఉన్నవన్నీ పోయాయంటే ఈ మొక్కకు ఏం కావాలో అదే చెబుతోంది.

కత్తెర గురించి ఒక మాట. ప్రతి మొక్కకూ ముందూ వెనకా కత్తెర మొనలను మంటలో కాల్చి చల్లార్చాలి. సింబీడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్ అని ఆర్కిడ్లకు రెండు పెద్ద బెడదలున్నాయి. రెండూ ముఖ్యంగా కోత పరికరానికి అంటిన రసంతో ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతాయి. వస్తే మందు లేదు. ఇంట్లో ఇంకో ఆర్కిడ్ ఉన్నవాళ్ళు ఈ పని అస్సలు మానకూడదు.

ఎండిన పూలకాడను కూడా మొదటికి దగ్గరగా కోసేశాను. పచ్చగా ఉన్న సగంలో కణుపులున్నాయి, వాటి నుంచి మళ్ళీ పూలు రావచ్చు. కానీ వేళ్ళే లేని మొక్క పూలు పూస్తే ఆ ఖర్చంతా ఆకుల్లో దాచుకున్న నిల్వల నుంచి పోతుంది. ఫెలెనాప్సిస్‌కు కొన్ని ఆర్కిడ్లకు ఉన్నట్టు కాండం దగ్గర దుంపల్లాంటి నిల్వలు ఉండవు. ఉన్నదంతా ఆ మందమైన ఆకుల్లో, వేళ్ళలో ఉన్నదే. వేళ్ళు ఎలాగూ పోయాయి. ఇక ఆకులే దిక్కు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమని చాలామంది చెబుతారు. నేను పోయను. అది నురగ కక్కుతుంటే క్రిములు చస్తున్నాయని తృప్తిగా ఉంటుంది కానీ, బతికున్న వేరు కణాలను కూడా అది కాలుస్తుంది. పదిహేను వేళ్ళున్న మొక్కయితే తట్టుకుంటుందేమో. మిగిలిన రెండింటి మీద ప్రయోగం అనవసరం. దాల్చినచెక్క పొడి కూడా అంతే. అది తేమను పీల్చి ఎండబెడుతుంది కాబట్టి కాడ కోసిన చోట చిటికెడు అద్దాను, వేళ్ళ మీద మాత్రం పడనివ్వలేదు.

ఆకుల మొదళ్ళలో పిండినల్లి ఉందేమోనని దూదిపుల్లతో సందుసందులా తుడిచాను. లేదు. మొక్కను బోర్లా, వేళ్ళు పైకి ఉండేలా ఒక ఖాళీ డబ్బా మీద ఆనించి రాత్రంతా అలాగే వదిలేశాను. కోతలు ఆరాలి.

మరుసటి రోజు: ఎందులో నాటాలి

రాత్రి పడుకోబోయే ముందు దీని గురించే ఆలోచన. మూడు దారులున్నాయి.

మొదటిది, మొక్కను తడి నాచుతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేయడం. గాల్లో తేమ బాగా ఉంటుంది కాబట్టి ఆకులు ఇంకా వాడవు. అయితే గాలి ఆడదు, కుళ్ళు మళ్ళీ మొదలైతే కనిపెట్టేలోపే మొవ్వు పోతుంది. రెండోది, గాజు గ్లాసులో అడుగున నీళ్ళు పోసి మొక్క మొదలు తగలకుండా పైన నిలబెట్టడం. చూడ్డానికి బాగుంటుంది, వేళ్ళు కళ్ళముందే ఉంటాయి. కొందరికి బాగా వచ్చింది కూడా. నీళ్ళలో పుట్టిన వేరు తర్వాత బెరడులోకి మార్చినప్పుడు తడబడుతుందని నాకు భయం. మూడోది నేరుగా పైన్ బెరడులో నాటడం. ఆరోగ్యంగా ఉన్న మొక్కకైతే దానికి మించింది లేదు. రెండు వేళ్ళతో ఉన్న మొక్క మాత్రం అంత తొందరగా ఆరిపోయే దాంట్లో నిలదొక్కుకోలేదు.

నేను ఎంచుకున్నది వీటి మధ్యది. పక్కల చిల్లులున్న చిన్న పారదర్శకమైన కుండీ, అరచేతిలో పట్టేంత. అడుగున పెద్ద బెరడు ముక్కలు, పైన కొత్త స్ఫాగ్నమ్ నాచు. నాచును నానబెట్టి, ఇంక చుక్క కూడా కారనంత గట్టిగా పిండి, మళ్ళీ వేళ్ళతో విదిలించి పొంగేలా చేసి, ఒత్తకుండా వదులుగా పరిచాను. మొక్క మొదలు నాచుకు కొంచెం పైనే ఉంది, తగిలీ తగలనట్టు. కొత్త వేరు ఆ మొదలు నుంచే పుడుతుంది. కింద చెమ్మ ఉందని దానికి తెలియాలి, కానీ అది చెమ్మలో మునగకూడదు.

కుండీ చిన్నదే ఎందుకంటే, వేళ్ళు తాగలేని నీళ్ళు కుండీలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మొక్క ఆకులు ఎంత వెడల్పున్నాయో చూసి పెద్ద కుండీ తెచ్చుకోవడం సహజం. ఇక్కడ కొలత మిగిలిన వేళ్ళకు సరిపోవాలి.

మొక్క ఊగకుండా వెదురుపుల్ల గుచ్చి మెత్తటి దారంతో వదులుగా కట్టాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఊగే మొక్కకు వేరు పుట్టినా దాని మొన రాసుకుపోయి ఆగిపోతుంది.

పైన కప్పు

వేళ్ళు లేనప్పుడు ఆకులోకి కొత్త నీళ్ళు రావు, ఉన్నవి పోకుండా చూడాలి. అందుకని మొక్క మీద బోర్లించడానికి పెద్ద పారదర్శకమైన డబ్బా ఒకటి పెట్టుకున్నాను, పైన గాలికి చిల్లులు పొడిచి. దాన్ని రాత్రిపూట మాత్రమే కప్పుతున్నాను.

కారణం ఉంది. ఫెలెనాప్సిస్ చాలా మొక్కల్లా పగలు ఊపిరి తీసుకోదు. పత్రరంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి, అప్పుడే కార్బన్ డయాక్సైడ్ తీసుకుని మాలిక్ ఆమ్లంగా ఆకులో దాచుకుంటుంది. తెల్లారాక రంధ్రాలు మూసుకుని, దాచినదాన్ని వెలుతురులో వాడుకుంటుంది. రణపాల ఆకుదీ ఇదే పద్ధతి. ఆ ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందని బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1815లోనే రాశాడు. రాత్రి చేరిన ఆమ్లం పగటికి ఖర్చయిపోతుందన్నమాట. నా లెక్కకు ఇందులో పనికొచ్చే ముక్క ఏమిటంటే, రంధ్రాలు తెరిచి ఉన్నప్పుడే నీరు ఎక్కువగా పోతుంది. కాబట్టి తేమ కావాల్సింది రాత్రి. పగలు కప్పు ఉంచితే లోపల వేడెక్కి, నీటి బొట్లు కట్టి, అవి మొవ్వులోకి జారే ప్రమాదం ఒకటి. అందుకే పొద్దున్నే తీసేస్తున్నాను.

స్థలం: నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, పల్చటి తెర వెనకాల. మామూలుగా ఈ మొక్కకు ఇచ్చే దానికంటే వెలుతురు తగ్గించాను. వేళ్ళు లేని మొక్కను ఎక్కువ వెలుతురులో పెట్టి పని చేయించకూడదు. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉంది, అది బాగా కలిసొచ్చింది. చలి గదిలో వేరు పుట్టడం చాలా నెమ్మది. ఎరువు లేదు. తాగడానికే నోరు లేనప్పుడు ఎరువు వేస్తే ఆ లవణాలు నాచులో పేరుకుని, రాబోయే వేరు మొనను కాలుస్తాయి.

ఏమీ కనిపించని వారాలు

రాయడానికి ఏమీ లేదు. పసుపెక్కిన అడుగు ఆకు ఇంకా పసుపెక్కింది. దాన్ని పీకలేదు. అందులోని పోషకాలను మొక్క వెనక్కి తీసుకుంటోంది, ఆ పని అయ్యాక తనే రాలుతుంది.

కుండీని వంటింటి త్రాసు మీద పెట్టి తూచడం మొదలుపెట్టాను. నాచు తడిపిన రోజు బరువు ఒక చీటీ మీద, బాగా తేలికపడ్డ రోజు బరువు ఇంకో చీటీ మీద రాసి కుండీకి అంటించాను. ఆ కింది అంకెకు దగ్గరగా వచ్చినప్పుడే నీళ్ళు. పై నాచు ఎండినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది, కంటిని నమ్మితే మళ్ళీ మొదటి కథే. త్రాసు లేకపోతే చేత్తో ఎత్తి చూసినా కొన్నాళ్ళకు అలవాటవుతుంది. తడపడం కూడా కుండీ అంచు పొడవునా, చెంచాతో. ఆకుల మీదా మొవ్వులోనూ పడనివ్వను.

ఆకులు అలాగే వేలాడుతున్నాయి. మరీ దిగజారలేదు. ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తు నుంచి ఫోటోలు తీస్తున్నాను, ఎందుకంటే రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. మొక్కను పైకి లాగి అడుగున ఏమైనా కదిలిందేమో చూడాలని చెయ్యి లాగుతోంది. చూడను. నాచులోకి చొచ్చుకుపోతున్న మొన ఒక్కటుంటే అది తెగుతుంది.

టెన్షన్

ఇవాళ పొద్దున కప్పు తీసేసరికి రెండో ఆకు మధ్యలో చిన్న మచ్చ. నీళ్ళు ఊరినట్టు, వెలుతురుకు పట్టి చూస్తే లోపలి నుంచి పారదర్శకంగా ఉంది. సాయంత్రానికి అది చిటికెన వేలి గోరు నుంచి బొటనవేలి గోరంత అయింది. అంచున లేత గోధుమ రంగు. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెత్తకుళ్ళు ఇలాగే ఉంటుంది, ఇంత వేగంగానే పాకుతుంది. మొదటి దాకా దిగితే మొవ్వును పట్టుకుంటుంది.

రేపటిదాకా ఆగలేదు. మచ్చ అంచు నుంచి బాగున్న భాగంలోకి రెండు సెంటీమీటర్లు వదిలి అడ్డంగా కోశాను. కత్తి కాల్చి, ఇంకోసారి కోత అంచు సవరించాను. దాల్చినచెక్క పొడి అద్దాను. రాత్రి కప్పు పెట్టలేదు. గదిలో చిన్న ఫ్యాను దూరంగా, గోడ వైపు తిప్పి పెట్టాను, గాలి కదిలితే చాలని. తేమ కోసం నేను చేసిన ఏర్పాటే దానికీ పనికొచ్చింది. తడిగా, గాలాడకుండా ఉండే చోటు మెత్తకుళ్ళుకు ఇష్టం.

(నాలుగు రోజులు గడిచాక రాస్తున్నది) కోత అంచు ఎండి కాగితంలా అయింది. కొత్త మచ్చలు లేవు. ఆకు సగమే మిగిలింది, అయినా ఉన్న సగం పచ్చగా ఉంది, దాని పని అది చేసుకుంటుంది. కప్పు మళ్ళీ పెడుతున్నాను కానీ ఒక పక్క పుల్ల పెట్టి ఎత్తి ఉంచుతున్నాను.

మొదటి వేరు

అడుగు ఆకు రాలిపోయింది. అది రాలిన చోట, కాండం మీద ఎండిన పొరను చీల్చుకుని ఒక బొడిపె వచ్చింది!

అది వేరా, పూలకాడా, పిలకా అని తేల్చుకోవడానికి భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశాను. పూలకాడ ఆకు మొదలు సందులోంచి వస్తుంది, మొన ఒక పక్కకు చదునుగా, చిన్న పొలుసులు కప్పుకుని ఉంటుంది, పైకి తిరుగుతుంది. పిలకకైతే చిన్నప్పుడే ఆకుల మడత కనిపిస్తుంది. ఇది గుండ్రంగా, నున్నగా, ముట్టుకుంటే జారిపోయేంత నిగనిగలాడుతూ ఉంది. మొన లేత ఆకుపచ్చ, దాని చుట్టూ ఎర్రటి ఛాయ. వేరే.

అప్పటి నుంచి రోజూ చూడ్డమే. మొన ముందుకు జరుగుతుంటే వెనకాల వదిలిన భాగం తెల్లబడుతూ వస్తోంది. ఆ తెలుపు వెలమెన్ అనే పైపొరది. అది బతికున్న కణాల పొర కాదు. పెరిగాక చచ్చిపోయి, ఖాళీ గదుల్లా మిగిలిన కణాలు అవి. పొడిగా ఉన్నప్పుడు ఆ గదుల్లో గాలి ఉంటుంది, అందుకని వెండి రంగు. నీళ్ళు తగలగానే గదులు నిండి పొర పారదర్శకమైపోతుంది, లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ఒక్క బొట్టు నీళ్ళు చెంచా కొసతో పెట్టి చూశాను. బొట్టు పడిన చోటు నుంచి పచ్చరంగు అటూ ఇటూ పాకడం కంటికి తెలిసింది.

అడవిలో ఈ మొక్కలు చెట్ల కొమ్మలకు అంటుకుని బతుకుతాయి. బదనికలా చెట్టు రసం తాగవు. చోటు మాత్రమే వాడుకుంటాయి. వాన పడ్డప్పుడు బెరడు మీద జారే నీళ్ళను ఆ కాసేపట్లో వెలమెన్ పట్టుకోవాలి, తర్వాత గాలికి ఆరాలి. తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం. ఆ వేరు తయారైన పద్ధతే అది. ఆరే వీలు లేకుండా వారాల తరబడి తడిలో ఉంచితే ఆ గదులన్నీ నీళ్ళతో నిండిపోయి, లోపలి బతికున్న కణాలకు ఆక్సిజన్ అందదు. ఊపిరాడక చచ్చిన వేరును కుళ్ళు పట్టుకుంటుంది. కుండీలోని ఆ మురుగు వాసనకు అసలు కారణం గాలి లేకపోవడం.

ఇంకో సంగతి కూడా అడవిలోని తీరు చూస్తేనే అర్థమవుతుంది. కొమ్మ పక్కకు వేలాడుతూ, ఆకులు కిందికి వాలి పెరుగుతాయి కాబట్టి అక్కడ మొవ్వులో నీళ్ళు నిలవవు. కుండీలో మనం నిటారుగా నాటేసరికి అది నీళ్ళు పట్టే గిన్నె అవుతుంది. అందుకే నా మొక్కను కొంచెం పక్కకు వాల్చి కట్టాను.

వేరు గాల్లోకి వంపు తిరిగింది. చేత్తో నాచు వైపు వంచాలనిపించింది కానీ కొత్త వేరు పెళుసు, పుటుక్కున విరుగుతుంది. బదులుగా నాచునే కొంచెం తీసి దాని కిందికి తెచ్చి పెట్టాను. ఈలోగా రెండో బొడిపె కూడా కనిపించింది, ఎదురు పక్క.

ఆకులు లేచాయి

కొత్త వేళ్ళు నాచును తాకాక నాలుగైదు రోజుల్లో పై ఆకులో తేడా తెలిసింది. కింది ఆకుల్లో ముడతలు పోలేదు. బహుశా పూర్తిగా పోవు కూడా, అంతగా కుంగిన పాత ఆకు మళ్ళీ అద్దంలా కావడం అరుదు. కానీ నొక్కితే బిగువు వచ్చింది, వేలాడేది పక్కకు చాచినట్టయింది. నడుమ మొవ్వులోంచి కొత్త ఆకు మొన కూడా తొంగి చూస్తోంది.

రాత్రి కప్పు తీసేశాను. వెలుతురు మెల్లగా పెంచుతున్నాను. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ ప్రకారం 10,000 లక్స్ దగ్గరికి తెచ్చాను. ఈ మొక్కకు సుమారు 10,000 నుంచి 15,000 లక్స్ సరిపోతుంది. అంకెలు వద్దనుకుంటే ఆకును చూస్తే చాలు. మరీ ముదురు పచ్చగా ఉంటే వెలుతురు చాలట్లేదు, అంచులు ఎర్రబారుతుంటే ఎక్కువైంది. లేత పచ్చ, గడ్డి పచ్చకు కొంచెం ముదురు, అది సరైన రంగు.

ఎరువు ఇప్పుడు మొదలు. 20-20-20 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్నది), డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు, అది కూడా ముందు మామూలు నీళ్ళతో నాచు తడిపాక. నెలలో ఒకసారి ఎరువు లేని నీళ్ళు ధారగా పోసి లవణాలు కడిగేస్తాను. నీళ్ళ గురించి కూడా జాగ్రత్త పడాల్సి వచ్చింది. కుళాయి నీళ్ళు కఠినంగా ఉంటే నాచు మీద తెల్లటి పొర కడుతుంది, వేరు మొనలు గోధుమరంగుకు తిరిగి ఆగిపోతాయి. నేను వాన నీళ్ళు పట్టి వాడుతున్నాను, లేనప్పుడు ఆర్వో నీళ్ళు.

బెరడులోకి

కొత్త వేళ్ళు ఇప్పుడు మూడు, ఒక్కోటి వేలి రెండు కణుపులంత. మార్చడానికి ఇదే సమయం. ఇంతకంటే చిన్నవైతే మొనలు తట్టుకోవు, ఇంతకంటే పొడుగైతే తీసేటప్పుడు విరుగుతాయి. మొనలు పచ్చగా ఉన్నంత కాలం కొత్త చోటికి తగ్గట్టు పెరుగుతాయి.

సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల మధ్య సైజు పైన్ బెరడు ముక్కలు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. పొడి బెరడు నీళ్ళను పట్టుకోదు, పైనుంచి జారిపోతుంది. వేళ్ళకు అంటుకున్న నాచును లాగలేదు, అలాగే ఉంచి చుట్టూ బెరడు పోశాను, కుండీ పక్కల తట్టి సర్దాను. పాత కుండీ కంటే ఒక్క సైజు మాత్రమే పెద్దది. ఇది కూడా పారదర్శకమైనదే. గోడ వెనక వేళ్ళు వెండి రంగుకు వచ్చాయంటే నీళ్ళు పోయొచ్చు, పచ్చగా ఉన్నాయంటే ఆగాలి, లోపల నీటి బిందువులు కనిపిస్తున్నా ఆగాలి. త్రాసు ఇక అక్కర్లేదు.

బెరడు కూడా శాశ్వతం కాదు. ఏడాది, రెండేళ్ళలో అది చివికి మెత్తబడి ఖాళీలు పూడిపోతాయి, మళ్ళీ గాలి ఆడదు. ఆ తేదీ కుండీ మీద రాసి పెట్టాను.

చలి వచ్చాక

కొత్త ఆకు పూర్తిగా విచ్చుకుంది, పాత పై ఆకుకంటే చిన్నది. కొలిస్తే దాని పొడవులో మూడొంతుల్లో రెండు వంతులే వచ్చింది. వేళ్ళు అయిదయ్యాయి. రాత్రుళ్ళు చల్లబడటంతో నేను అనుకోనిది జరిగింది. పై నుంచి మూడో ఆకు సందులో, చదునైన మొనతో, పైకి తిరిగి, పూలకాడ.

ఇందులో వింతేం లేదు. పగలు 25, రాత్రి 20 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు గడిస్తే ఫెలెనాప్సిస్ పూలకాడ వేస్తుంది. పగలూ రాత్రీ 28కి పైనే ఉంచితే ఆకులు వేస్తూ పోతుందే తప్ప కాడ వేయదు. మొక్క బలంగా ఉందా లేదా అన్నది అది చూసుకోదు, చల్లదనం తగిలింది, మొగ్గ కదిలింది. కాబట్టి కాడ వచ్చింది కనుక మొక్క కోలుకున్నట్టే అనుకోవడం తొందరపాటు.

అక్క వచ్చి చూసింది. కోసేస్తానంటే ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళూ దీనికోసమే కదరా చూసింది? పూలు చూడకుండా కోసేస్తావా?"

"పూలకంటే ముందు ఆకులు రావాలక్కా" అని రెండు ఆకులూ పక్కపక్కన స్కేలు పెట్టి చూపించాను. కొత్త ఆకు పాతదానికంటే పెద్దదైనప్పుడు మొక్క ఆదాయం ఖర్చును మించినట్టు. ఇప్పుడింకా అప్పు తీరలేదు. ఒక కాడ, దాని మీద మొగ్గలు, నెలల తరబడి నిలిచే పూలు, ఇవన్నీ పూర్తయ్యేసరికి ఆ అయిదు వేళ్ళూ అయిదు ఆకులూ అలసిపోతాయి. కాసేపు బతిమాలింది, తర్వాత "సరే, వచ్చే ఏడాది పూలు నావే" అని వదిలేసింది.

కాడ వేలెడు పొడవయ్యాక, మొదటి కణుపుకు కింద, కాల్చిన కత్తితో కోశాను. అంతకంటే చిన్నప్పుడు కోస్తే కాండానికి గాటు పడే ప్రమాదం ఉంది.

ఇక చేయాల్సినవి: చలి ఉన్నన్ని రోజులూ రాత్రి నీళ్ళు పోయడం లేదు, పొద్దున్నే పోస్తున్నాను, సాయంత్రానికి ఆకులూ మొవ్వూ ఆరాలి. ఎరువు రెండు వారాలకోసారికి తగ్గించాను. వేడి తిరిగి వచ్చాక మళ్ళీ వారానికోసారి, పావు మోతాదులోనే. వచ్చే చలికాలానికి కొత్త ఆకులు రెండైనా పాత ఆకు కొలతను దాటితే, అప్పుడు వచ్చే కాడను ఉంచుతాను.